55లో ఛాంపియన్‌ని, 60కి వెళ్లమంటున్నారు

ఉత్తరాంధ్ర నుంచి ఓ ఇరవయ్యేళ్ల బాక్సర్ మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతాం. ఆరేళ్లుగా బాక్సింగ్ చేస్తున్నారు. ఎత్తు 173 సెంటీమీటర్లు. 2024లో 54 కిలోల తరగతిలో రాష్ట్ర స్వర్ణం, బరువు తరగతులు మారాక 55లో మరో స్వర్ణం. మామూలు రోజుల్లో బరువు 62. పోయిన యూనివర్సిటీ పోటీలకు పది రోజుల్లో ఏడు కిలోలు దించారు. ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగు, ఆఖరి రోజంతా చుక్క నీళ్లు లేవు. 54.9 తూగారు. మొదటి రెండు బౌట్లు గెలిచారు. క్వార్టర్స్‌లో మూడో రౌండ్‌కి కాళ్లు ఆడలేదు. దెబ్బకు తూలిన బాక్సర్ తేరుకోవడానికి ఇచ్చే ఎనిమిది లెక్క రిఫరీ పెట్టారు, బౌట్ పోయింది.

ఇప్పటి కోచ్ 60కి వెళ్లమంటున్నారు. చిన్నప్పుడు నేర్పిన మాస్టారు మాత్రం "అక్కడ నీ పంచ్‌కి ఎవడూ కదలడు, గెలిచే చోటే ఉండు" అంటున్నారు. రైల్వేలో పనిచేసే మేనమామదీ అదే మాట. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఈ ఏడాది జాతీయ స్థాయి పతకం కావాలి మరి. రాష్ట్ర సెలెక్షన్లకు ఇంకా 14 వారాలు ఉంది. మూడు వారాల కిందట కోచ్ ఈయనకు 65 కిలోల బాక్సర్‌తో స్పారింగ్ (సాధన బౌట్) పెట్టి చూశారు. "ఒక హుక్ గట్టిగా తగిలింది, రెండు రోజులు తలనొప్పి, టాబ్లెట్ వేసుకుంటే పోయింది" అని రాశారు. 60కి వెళితే ప్రమాదం ఎంత, నచ్చకపోతే వెనక్కి రావచ్చా, ఓడితే ఇన్నాళ్ల పేరు పోతుందా అన్నవి ఆయన ప్రశ్నలు. జిమ్‌లో ఒక మిత్రుడు 'వాటర్ టాబ్లెట్' ఇస్తానన్న సంగతి చివర్లో రాశారు.

సమాధానం:

మీ మూడు ప్రశ్నలకన్నా ముందు, మీరు అడగకుండా ఒక్క వాక్యంలో దాటేసిన విషయం మాట్లాడాలి. ఆ రెండు రోజుల తలనొప్పి.

తెలివి తప్పితేనే కంకషన్ (తలదెబ్బకు మెదడు అదిరి దెబ్బతినడం) అన్న నమ్మకం మన జిమ్ముల్లో బాగా పాతుకుపోయింది. నిజానికి తెలివి తప్పకుండా వచ్చేవే ఎక్కువ. తలకు దెబ్బ తగిలాక నొప్పి రెండు రోజులు ఉందంటే, డాక్టర్ చూసి కాదనేదాకా దాన్ని కంకషన్ అనే అనుకోవాలి. టాబ్లెట్ నొప్పిని తగ్గించింది, లోపలి దెబ్బను కాదు. మీరు మర్నాటి నుంచే బ్యాగ్ కొట్టారు, ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు స్పారింగ్ చేశారని రాశారు. మెదడు పూర్తిగా కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే, అది చిన్నదే అయినా, అరుదుగా మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. అది ప్రాణాంతకం. చిన్న వయసు వాళ్లలోనే ఎక్కువగా కనబడుతుంది.

అందుకని ఈరోజు నుంచి స్పారింగ్ ఆపండి. న్యూరాలజిస్ట్‌ దగ్గరికి గానీ స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లి మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి: దెబ్బ ఎప్పుడు తగిలింది, నొప్పి ఎన్నాళ్లు ఉంది, ఆ తర్వాత ఎన్నిసార్లు దెబ్బలు తిన్నారు. నిద్ర, చిరాకు, చదివేటప్పుడు కళ్లు లాగడం లాంటి మార్పులుంటే అవీ చెప్పండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, రెండుగా కనబడినా, మాట తడబడినా, చెయ్యి కాలు తిమ్మిరెక్కినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పోటీలో తలదెబ్బకు నాకౌట్ అయినా, రిఫరీ బౌట్ ఆపేసినా బాక్సర్‌ని సాధారణంగా కనీసం 30 రోజులు రింగ్‌కి దూరం పెడతారు. జిమ్‌లో రిఫరీ ఉండడు, మీ రికార్డు పుస్తకంలో రాసేవాడూ ఉండడు. ఆ 30 రోజులు మీకు మీరే వేసుకోండి. మధ్యలో మళ్లీ స్పారింగ్ చేశారు కాబట్టి లెక్క ఆఖరి స్పారింగ్ నుంచి మొదలుపెట్టండి. డాక్టర్ సరేనన్నాక ముందు నడక, సైకిల్, తర్వాత స్కిప్పింగ్, షాడో (గాల్లో పంచ్‌లు), ఆ తర్వాత బ్యాగ్, ప్యాడ్స్. ఒక్కో మెట్టు మీద కనీసం ఒక రోజు ఉండాలి. లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు దిగాలి. ఎదుటి మనిషి చేతి దెబ్బ తినే మెట్టు మాత్రం డాక్టర్ కాగితం మీద రాసిచ్చాకే.

ఆ స్పారింగ్‌ని 60 కిలోల పరీక్షగా లెక్కేసుకోవద్దు. 65లో ఆడేవాడు జిమ్‌కి వచ్చే రోజు 67, 68 ఉంటాడు. మీరు 62. రెండు తరగతుల తేడాతో తిన్న దెబ్బను చూసి 60లో నేను నిలబడగలనా అని తేల్చుకోలేరు. పెద్దవాడితో దింపితే అలవాటవుతుందన్న ఆలోచనలో ఉన్న లోపమే అది. దెబ్బ అలవాటు కావడమంటూ ఉండదు. తిన్నది తిన్నట్టు జమ అవుతుంది.

ఇక బరువు సంగతి. మాస్టారు, కోచ్, మేనమామ ముగ్గురూ 55 మంచిదా, 60 మంచిదా అని వాదిస్తున్నారు. మీ ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది మాత్రం ఎవరూ కొలవలేదు. రెండు వారాలపాటు రోజూ పొద్దున్నే, దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే మిషన్ మీద తూగి రాసుకోండి. పద్నాలుగు అంకెల సగటే మీ అసలు బరువు. తర్వాత చర్మం మడత పట్టి కొలిచే స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్‌తో కొవ్వు శాతం తీయించుకోండి. క్రీడా అకాడమీల్లో, ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీల్లో ఈ కొలత తెలిసినవాళ్లు ఉంటారు. రెండు మూడు శాతం అటూ ఇటూ రావచ్చు కాబట్టి, వారం తేడాతో ఒకే మనిషి చేత రెండుసార్లు తీయించుకుంటే మేలు.

సగటు 62, కొవ్వు 14 శాతం వచ్చిందనుకుందాం. కొవ్వు 8.7 కిలోలు, మిగతా దేహం 53.3. మగవాళ్లు పోటీ నాటికి 8 శాతం దాకా దిగితే అదే చాలా పొడి ఒళ్లు. ఆ 53.3 మీద 8 శాతం కొవ్వు వేసుకుంటే 58 కిలోలు. అంటే కొవ్వు కరిగించడం ద్వారా మీరు చేరగలిగే చోటు అది. 58 నుంచి 55కి దిగే ఆ మూడు కిలోలూ నీళ్లూ కండే. అదే ఒంటితో 60 తూగితే కొవ్వు 11 శాతం ఉంటుంది, అది బాక్సర్‌కి హాయైన స్థితి. కొవ్వు 14 కాక 18 వచ్చిందనుకోండి, లెక్క తిరగబడుతుంది. దేహం 50.8, 8 శాతంతో 55.3. అప్పుడు 55 కష్టమే గానీ అసాధ్యం కాదు. మీరు రాసిన మూడో రౌండ్ కథ మొదటి లెక్కవైపే చూపిస్తోంది. అయినా ఊహ మీద కాకుండా కొలత మీద నిర్ణయించుకోండి.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. పాత తరగతుల్లో 51, 54, 57, 60 ఉండేవి. మెట్టుకీ మెట్టుకీ మూడు కిలోలే. ఇప్పుడు వరల్డ్ బాక్సింగ్ అనే అంతర్జాతీయ సంస్థ తరగతుల్లో పురుషులకు 50, 55, 60, 65, అన్నీ అయిదేసి కిలోల మెట్లు. మన నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో ప్రపంచ కాంస్యం గెలిచిన 57 ఈ జాబితాలో లేదు. 57 ఇప్పుడూ ఉండి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదేమో. 55 నుంచి 60 అంటే 9 శాతం పైన. ఆ తేడాని చిన్నది అనుకునే కోచ్ మాటా, కొండంత అనుకునే మాస్టారి మాటా రెండూ పూర్తిగా తీసుకోవద్దు.

55లోనే ఉంటే ఏమవుతుందో చూద్దాం. ప్రొఫెషనల్ బాక్సర్లకు ముందు రోజు తూకం వేస్తారు, తిని తాగి తేరుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. మీకు అలా కాదు. బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున తూకం, కొన్ని గంటల్లో రింగ్. ఫైనల్ దాకా వెళ్లాలంటే వారంలో నాలుగైదుసార్లు మిషన్ ఎక్కాలి. ఒక్కసారి 54.9కి దిగడం కాదు, బౌట్లు ఆడుతూ వారమంతా అక్కడే ఉండటం. ఏడు కిలోలంటే మీ బరువులో 11 శాతం. ఇంత తక్కువ వ్యవధిలో తేరుకోవాల్సిన ఆటలో ఆఖరి వారం దించేది 2, 3 శాతం దాటితే అది రౌండ్లలో కనబడుతుంది. కండల్లో నిలవుండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానేసి నీళ్లు మానేస్తే ముందు పోయేది అదే. తూకం అద్భుతంగా దిగుతుంది, మూడో రౌండ్‌కి కావలసిన ఇంధనం కూడా దాంతోనే దిగిపోతుంది. మీ కాళ్లు ఆడకపోవడానికి కారణం ప్రాక్టీస్ లోపం అయ్యుండదు. ఒంట్లో నీళ్లు తగ్గిన స్థితిలో తలకు దెబ్బ తగలడం మరింత ప్రమాదమని వైద్యులు ఆందోళన పడతారు. ఎనిమిది లెక్క మీకు ఆ స్థితిలోనే పడింది.

అయినా ఈ ఒక్క సీజన్ 55లోనే ఆడతానంటే, కొలతల్లో కొవ్వు 17, 18 దగ్గర తేలితేనే ఆలోచించండి. వారానికి అరకిలో చొప్పున పది వారాల్లో 56.5, 57 మధ్యకు రావాలి. ఆఖరి రెండు మూడు రోజులు పీచు తక్కువున్న తిండి, అంటే ఆకుకూరలు, పప్పులు, పచ్చి కూరలు పక్కన పెట్టి తెల్లన్నం, గుడ్డు, పెరుగు మాత్రమే తింటే పేగుల్లో నిలవ తగ్గి అరకిలో నుంచి కిలో దాకా దిగుతుంది. ఉప్పు కాస్త తగ్గిస్తే మరికొంచెం. నీళ్లు పూర్తిగా ఆపే రోజు ఒక్కటీ ఉండకూడదు. తూకం అయ్యాక పోయిన ప్రతి కిలోకీ లీటరున్నర ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా, దాంతో ఇడ్లీ, అరటిపండు, పెరుగన్నం. తూకం అవగానే బిర్యానీ పొట్లం విప్పే వాళ్లను ప్రతి పోటీలో చూస్తాం. ఆ నూనె అరిగేలోపే బౌట్ పిలుపొస్తుంది.

ప్లాస్టిక్ జాకెట్ మాత్రం పారేయండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు ఉక్కలో చెమట అసలే ఆరదు, దాని మీద ప్లాస్టిక్ కప్పితే లోపలి వేడికి దారే ఉండదు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు కొద్ది వారాల తేడాతో ఇలా బరువు దించుతూనే చనిపోయారు. ఆ తర్వాత అక్కడ కాలేజీ పోటీల్లో అలాంటి సూట్లను నిషేధించారు.

వాటర్ టాబ్లెట్ గురించి రెండు మాటలు. అవి మూత్రం ఎక్కువగా పోయించే మందులు. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండోది, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో ఈ మందులు పోటీలోనే కాదు, పోటీ లేని రోజుల్లోనూ నిషిద్ధం. మన దేశంలో ఆ పరీక్షలు చేసే నాడా వాళ్లు శాంపిల్ తీసుకున్న రోజు 'మిత్రుడిచ్చాడు' అన్న మాట పనికిరాదు, ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. పతకం, ఉద్యోగం రెండూ పోయే దారి ఏదైనా ఉంటే అదే. అలాగే తూకం తర్వాత పక్క క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఆసుపత్రి చికిత్సలో భాగం కాకుండా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి ఎక్కించుకోవడం కూడా నిషిద్ధమే. సెలైన్ సీసా ఒక్కటే అరలీటరు.

ఇప్పుడు 60. దీనికి అసలు ప్రశ్న ఒకటే: 55లో మీరు దేనివల్ల గెలిచారు?

తరగతి మారినప్పుడు కొన్ని వెంట వస్తాయి, కొన్ని రావు. టైమింగ్, కాళ్ల పని, కన్ను, దూరం అంచనా వస్తాయి. వేగం చాలావరకు వస్తుంది. పంచ్ బలం సగం వస్తుంది. తోపులాటలో పైచేయి రాదు, గడ్డం మీద దెబ్బ తట్టుకునే శక్తి రాదు. అన్నిటికన్నా ముందు, ఎత్తు ఇచ్చే లాభం రాదు. 173 సెంటీమీటర్లంటే 55లో మీరు పొడుగు. మీ జాబ్ (ముందు చేత్తో నేరుగా కొట్టే పంచ్) తగులుతుంది, వాళ్లది అందదు. 60లో అది మామూలు ఎత్తే, కొందరి ముందు పొట్టి కూడా. పాత బౌట్ల వీడియోలుంటే కూర్చుని చూడండి. పాయింట్లు దూరం నుంచి జాబ్, స్ట్రెయిట్‌తో వచ్చాయా, దగ్గరకెళ్లి కౌంటర్లతో, అంటే ఎదుటివాడి పంచ్‌కి వెంటనే ఇచ్చే జవాబు దెబ్బలతో వచ్చాయా? మొదటిదైతే 60 మీకు కొత్త ఆట. రెండోదైతే పాత ఆటే, ఎదుటి మనిషి కాస్త బరువు.

మేరీకోమ్ 2012లో లండన్ ఒలింపిక్స్ కోసం 48 నుంచి 51కి వెళ్లారు, కాంస్యం తెచ్చారు. అమిత్ పంఘాల్ 2018 ఆసియా క్రీడల్లో 49లో స్వర్ణం గెలిచి, ఆ తరగతి ఒలింపిక్స్‌లో లేదని 52కి వెళ్లారు. మరుసటి ఏడాదే ఆసియా స్వర్ణం, ప్రపంచ రజతం. ఇద్దరూ కింది తరగతిలోనూ పొట్టివాళ్లే. పొడుగు మనిషి జాబ్ కిందనుంచి లోపలికి దూరడం వాళ్లకు మొదటి రోజు నుంచే పని, కాబట్టి పైకి వెళ్లినా ఆట మారలేదు. లవ్లీనా 69 నుంచి 75కి వెళ్లి 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఆమె 75లోనూ పొడుగే, కాబట్టి ఆమెదీ మారలేదు. మీరు ఈ ముగ్గురిలో ఎవరిలాగానూ లేరు. కింద పొడుగు, పైన మామూలు. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

ప్రొఫెషనల్స్‌లో దీనికి చేదు ఉదాహరణలున్నాయి. 2016 మేలో బ్రిటన్ బాక్సర్ అమీర్ ఖాన్ వెల్టర్‌వెయిట్ (147 పౌండ్లు) నుంచి పైకి వచ్చి 155 పౌండ్ల దగ్గర కనెలో అల్వారెజ్‌తో ఆడాడు. అయిదు రౌండ్లు వేగంతో బాగానే నెట్టుకొచ్చాడు. ఆరో రౌండ్‌లో ఒకే ఒక్క కుడిచెయ్యి, అంతే. ఆ ఏడాది సెప్టెంబర్లో వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ కెల్ బ్రూక్ రెండు మెట్లెక్కి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ గొలోవ్‌కిన్ ముందు నిలిచాడు. దెబ్బకు దెబ్బ ఇచ్చాడు గానీ కంటి చుట్టూ ఉన్న ఎముక విరిగి అయిదో రౌండ్‌లో అతని కార్నర్ బౌట్ ఆపమని తువ్వాలు విసిరింది. వేగం మీతో వచ్చిందన్న సంతోషంలో ఎదుటివాడి ఎముక బరువు మరచిపోతే జరిగేది అది. అలాగని పైకి వెళ్లినవాళ్లంతా ఓడారని కాదు. 2025 సెప్టెంబర్లో అమెరికా బాక్సర్ క్రాఫర్డ్ అదే కనెలో మీద 168 పౌండ్లలో గెలిచాడు. తగలకుండా ఉండటం అంత బాగా తెలిసినవాడు కాబట్టి.

మీకున్న ఒక మేలు ఏమిటంటే, వాళ్లలా మీరు బరువు పెంచుకుని వెళ్లడం లేదు. మీ ఒళ్లు ఇప్పటికే 62. 60లో మీ ప్రత్యర్థులు మామూలు రోజుల్లో 63 నుంచి 65 ఉంటారనుకోండి, రోజూ తూకం ఉండే పోటీలో వాళ్లు రింగ్‌లో మరీ అంత ఉండరు. తేడా ఉంటుంది, భయపడేంత కాదు. గ్లవ్ అక్కడా ఇక్కడా పది ఔన్సులే, సీనియర్ మగవాళ్లకు హెడ్‌గార్డ్ ఎక్కడా లేదు. అంటే దెబ్బ బరువు పెరిగినా మధ్యలో మెత్త పెరగదు.

కాబట్టి పెంచాల్సింది బరువు కాదు, బలం. పది వారాల్లో వారానికి రెండుసార్లు, నలభై నిమిషాలు చాలు: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ నాలుగైదు రెప్స్ చొప్పున మూడు నాలుగు సెట్లు, పుల్-అప్, రో. మెడకు నాలుగు వైపులా చెయ్యి అడ్డుపెట్టి పదేసి సెకన్లు నెట్టడం, మూడేసిసార్లు. తలదెబ్బ తిన్నారు కాబట్టి ఈ మెడ వ్యాయామం డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. ప్రోటీన్ రోజుకు 110 గ్రాముల దాకా కావాలి. నాలుగు గుడ్లు, 150 గ్రాముల చికెన్ లేదా చేప, రెండు కప్పుల ముద్దపప్పు, పెరుగు, పాలు, గుప్పెడు వేరుశెనగలు, వీటికి అన్నంలో ఉండేది కలిస్తే సరిపోతుంది. జిమ్ముల్లో అమ్మే 'మాస్ గెయినర్' (బరువు పెంచే పొడి) డబ్బాలు వద్దు. డబ్బా మీద రాయని స్టెరాయిడ్లు కలిసి ఉండే ప్రమాదం ఒకటి, అక్కర్లేని నాలుగు కిలోలు ఇంకొకటి. పైకి వెళ్తున్నామని తిండి వదిలేసి 66కి చేరి, మళ్లీ 60కి నీళ్లు దించుకునే వాళ్లు చాలామంది. అప్పుడు తరగతి మారింది గానీ జబ్బు మారలేదు. పోటీకి వారం ముందు 61 మీద ఉంటే చాలు, మిగతా కిలో పీచు తగ్గిస్తే దిగుతుంది.

రింగ్‌లో మార్చుకోవాల్సినవి ఎక్కువ. 55లో అయిదారు పంచ్‌ల కాంబినేషన్ వేసి అక్కడే నిలబడితే చెల్లింది. 60లో మూడు వేసి పక్కకు అడుగు వేయాలి, నిలబడిన చోటే నాలుగోది వాడిది తగులుతుంది. తాడు దగ్గరికి తోస్తే నేరుగా వెనక్కి వెళ్లొద్దు. తగలకపోయినా, వెనక్కి నడిచే వాడు ఓడుతున్నట్టు అయిదుగురు జడ్జిల కంటికి ఆనుతుంది. మీద పడి వాలిపోయే వాడితో ఊపిరి అయిపోతుంది, దానికి విడిగా సాధన కావాలి: 62, 65 కిలోల జోడీతో, పంచ్‌లు లేకుండా, భుజం భుజం ఆనించి ముప్పై సెకన్లు తోపులాట, ముప్పై విశ్రాంతి, ఆరుసార్లు. తోయడం నేర్చుకోవడానికి కాదిది, పాదం తిప్పి పక్కకు జారడం నేర్చుకోవడానికి. ఒంటి దెబ్బలు, అంటే పొట్ట, పక్కటెముకల మీద కొట్టేవి పెంచండి, పెద్ద మనిషి తల కన్నా పొట్ట దగ్గర్లో ఉంటుంది.

స్పారింగ్ డాక్టర్ అనుమతి వచ్చాకే. వారానికి ఒక్కసారి, మూడు రౌండ్లు, పదహారు ఔన్సుల గ్లవ్స్, హెడ్‌గార్డ్, జోడీ 60లో ఆడేవాడు మాత్రమే. మొదటి రెండు వారాలు ఒంటి దెబ్బలకే పరిమితం. ప్రతిసారీ ఫోన్‌తో వీడియో తీసి రెండే రెండు లెక్కలు రాసుకోండి: మొదటి రౌండ్‌లోనూ మూడో రౌండ్‌లోనూ మీరు వేసిన పంచ్‌లు, తలకు శుభ్రంగా తగిలినవి. నాలుగైదు స్పారింగ్‌ల తర్వాత కూడా మూడో రౌండ్‌లో పంచ్‌లు పావు వంతుకు మించి పడిపోతుంటే, తలకు తగిలేవి తగ్గకపోతుంటే ఈ సెలెక్షన్లకు మీరు సిద్ధంగా లేరని అర్థం. అది శాస్త్రం గీసిన గీత కాదు, నిర్ణయం తీసుకోవడానికి మనం పెట్టుకున్న గీత.

వెనక్కి రావచ్చా అన్నారు. నిబంధన అడ్డురాదు, ఒళ్లు అడ్డొస్తుంది. అమెరికా ప్రొఫెషనల్ బాక్సర్ రాయ్ జోన్స్ 2003 మార్చిలో 193 పౌండ్లతో హెవీవెయిట్‌కి వెళ్లి జాన్ రూయిజ్ మీద గెలిచాడు. నవంబర్‌కి మళ్లీ 175కి దిగి టార్వర్ మీద బొటాబొటిగా బయటపడ్డాడు. మరుసటి మేలో రెండో రౌండ్‌లోనే నాకౌట్, సెప్టెంబర్లో గ్లెన్ జాన్సన్ చేతిలో ఇంకోటి. అందులో వయసు పాత్ర ఎంత, కండ కరిగించడం పాత్ర ఎంత అని విడదీయలేం గానీ, దిగి వచ్చిన మనిషి ఎక్కిన మనిషి కాదన్నది అందరికీ కనబడింది. 60లో ఒక పోటీ, 55లో ఇంకోటి అని ఊగిసలాడితే మీరు పెంచుకున్న బలాన్ని మీరే కరిగించి తీసుకెళ్తారు. ఏ దారైనా కనీసం ఒక సీజన్ దాని మీదే ఉండండి.

ఉద్యోగం విషయానికి వస్తే, స్పోర్ట్స్ కోటా ప్రకటనల్లో సాధారణంగా ఏ స్థాయి పోటీలో ఏ స్థానం, ఏ ఏడాది అని అడుగుతారు. 55లో వచ్చిన పతకమైనా 60లో వచ్చినదైనా పత్రం పత్రమే. మేనమామకు ఇది చెప్పండి. ఆయన భయం పతకం పోతుందని, బరువు మారుతుందని కాదు. 60లో మొదటి ఏడాది పతకం రాకపోయే అవకాశం నిజంగా ఉంది, దాన్ని ఇంట్లో దాచకండి. 55లో నీరసంతో క్వార్టర్స్‌లో మళ్లీ ఆగిపోయే అవకాశం కూడా అంతే నిజం. అది ఇప్పటికే ఒకసారి జరిగింది. ఈ ఏడాదే ఉద్యోగం తప్పనిసరైతే, కొవ్వు కొలత సరేనంటే, ఒక్క సీజన్ 55 అన్నది మొండితనం కాదు. కొలత కాదంటే మాత్రం 55లో పతకం ఆశ కూడా సన్నదే.

పేరు గురించి ఎక్కువ చెప్పను. 60లో మొదటి ఓటమి మీకు గుర్తున్నంతగా ఎవరికీ గుర్తుండదు.

మాస్టారితో, కోచ్ సార్‌తో విడివిడిగా వాదించకండి. పద్నాలుగు రోజుల తూకం, కొవ్వు శాతం, డాక్టర్ కాగితం ఒక ఫైల్‌లో పెట్టి ఇద్దరికీ ఒకటే చూపించండి. మాస్టారిని "నా పంచ్ అక్కడ ఆనుతుందా" అని కాక "నా పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి" అని అడగండి. ఆరేళ్లుగా చూసినాయన, ఆ ప్రశ్నకు ఆయన కన్నా బాగా జవాబు చెప్పగలిగేవాళ్లు లేరు. కోచ్ సార్‌తో మాత్రం ఒక మాట గట్టిగా అనండి: "సార్, 65 వాళ్లతో స్పారింగ్ ఇక వద్దు. డాక్టర్ రాసిచ్చేదాకా ఎవరితోనూ వద్దు." దానికి ఆయన నవ్వేస్తే, సమస్య 60 కిలోలతో కాదు.

సెలెక్షన్లకు ఎంట్రీ పంపే ఆఖరు తేదీ ఈ వారమే కనుక్కోండి. బరువు తరగతి ఆ కాగితం మీద రాయాల్సి ఉంటుంది. తేదీకి కనీసం మూడు వారాల ముందు స్పారింగ్ లెక్కలు చేతిలో ఉండేలా చూసుకోండి.